శుభ్రం బాబాయ్ తోమిన గెలాక్సీ

వేధశాలలో టెలిస్కోపు తీసిన ఫొటోలను కంప్యూటర్లో శుభ్రం చేయడం ఆయన ఉద్యోగం. అందరూ శుభ్రం బాబాయ్ అంటారు. అది వెక్కిరింపని తెలిసినా ఆయన బిరుదు కిందే జమకట్టుకున్నాడు. ఆకాశమంటే నల్లగా ఉండాలి, మధ్యలో బూడిదరంగు కనబడితే ఆయన ఒళ్లు మండిపోతుంది. ఇంట్లోనూ అదే వరస. భార్య ఇంకా తింటుండగానే టేబులు తుడిచేస్తాడు.

"నన్ను కూడా తుడిచి పక్కన పెట్టేయండి, ఓ పనైపోతుంది" అంటుంది ఆవిడ.

ఈసారి చేతికొచ్చింది దక్షిణాకాశంలో, గెలాక్సీల గుంపు నడుమ తిష్ఠవేసిన ఒక పెద్ద గెలాక్సీ. కోడిగుడ్డు ఆకారం. సుడులు లేవు, కొత్తగా పుట్టే నక్షత్రాలూ లేవు. కూర్చుని తిని లావెక్కిన ఒళ్లు. చూస్తే బాబాయ్‌కి అద్దంలో చూసుకున్నట్టే అనిపించి, మరింత ముచ్చటపడి తోమాడు.

ఆ ఫొటో తీయించిన శాస్త్రవేత్త వేధశాలకంతా మేడమ్, బాబాయ్‌కి మాత్రం అమ్మాయి. ఈ గెలాక్సీ పక్కనున్న చిన్నవాటిని మింగి లావైందని ఆమె వాదన. మింగినవాటి నక్షత్రాలు చుట్టూ పలచటి వెలుగులా కనబడాలి. కనబడకపోతే ఏళ్ల తరబడి చేసిన పని నీళ్లపాలే. మర్నాడే సమావేశం.

అమ్మాయి వచ్చి తెర ముందు కూలబడింది. గుడ్డు చుట్టూ కటిక నలుపు.

"ఏమీ లేదు బాబాయ్. నేనే పొరబడ్డాను. రేపు అదే చెప్పేస్తాను." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాబాయ్ మనసు చివుక్కుమంది. ఆయనకు ఓదార్చడం రాదు, గొప్పలు చెప్పుకోవడం మాత్రం బాగా వచ్చు.

"దిగులుపడకమ్మా. ఫొటో ఎంత శుభ్రంగా వచ్చిందో చూడు! మొదట్లో దీని చుట్టూ ఒకటే మసక. ఎంత తుడిచినా పోదే! పట్టుబట్టి మొత్తం లాగేశాను."

"మసకా? దీని చుట్టూనే?"

"ఆఁ. ఆకాశంలో మామూలుగా ఉండే వెలుతురే అనుకుని..."

అప్పుడు తట్టింది బాబాయ్‌కి. పిల్ల వెతుకుతున్న నిధిని ఊడ్చి పారబోసి, పైగా మెప్పు కోసం నిలబడ్డాడు! తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

అసలు ఫొటోలు డిస్కులో భద్రంగానే ఉన్నాయి. గబగబా తెరిచాడు. గుడ్డు చుట్టూ, తెర అంచులదాకా, పలచటి వెలుగు. అమ్మాయి పకపకా నవ్వింది. గండం గడిచిందని బాబాయ్ కూడా నవ్వేశాడు.

ఆమె నవ్వు ఆపి మెల్లగా అడిగింది.

"బాబాయ్, ఇన్నేళ్లూ మా అందరి ఫొటోలూ ఇలాగే తుడిచారా?"

ఏ ఒక్కదాని దగ్గరా బద్ధకించనందుకు బాబాయ్ జన్మలో మొదటిసారి సిగ్గుపడ్డాడు.