మా లక్ష్మయ్య బావ పరీక్షకు ఒప్పుకున్న వైనం

మా బుచ్చక్క మొగుడు లక్ష్మయ్య బావ ఎంత మొండి పొట్టేలునైనా కొమ్ములు పట్టుకుని కింద పడేసేవాడు. అంతటి మనిషి దవాఖాన పేరెత్తితే మాత్రం మందలోకి పారిపోయేవాడు. 2009 ఎండాకాలంలో ఆయనకు ఒంటేలు సరిగ్గా రావడం మానేసింది. ఒకరోజు నెత్తురు పడింది. ఆత్మకూరు ఆర్.ఎం.పీ. చూసి, "ప్రోస్టేట్ గ్రంథి పెరిగినట్టుంది. క్యాన్సర్ ఉందో లేదో ఎర్కగావాలె. సూర్యాపేట పోయి రక్తపరీక్ష చేయించుకో" అన్నాడు.

నాలుగు నెలలు బావ రోజుకో వంక చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. మరదలిని కదా, ఓ మాట అనే హక్కు నాకు లేదా?

"ఏం బావా, గొర్రె తుమ్మితే డాక్టర్ దగ్గరికి ఉరుకుతవు. నీ పానం గొర్రె పాటి చెయ్యదా?" అన్నాను.

బావ నవ్వలేదు. గొంగడి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అనవసరంగా అన్నానే అనిపించింది.

అసలు సంగతి అక్కే రాబట్టింది. అడిగి కాదు. సద్ది కట్టుకుని వారం రోజులు ఆయనతో పాటు మంద వెంట తిరిగింది. ఏడో రోజు తుమ్మచెట్టు కింద బావే నోరు విప్పాడు.

"మోతె ఊర్ల మా మేనమామకు గీ రోగమే వస్తే విత్తులు తీసేసిండ్రు. నా చేతులతోటి ఎన్ని పొట్టేళ్లకు విత్తులు నొక్కి మగతనం తీసిన్నో నీకెర్కే. ఆ తర్వాత దాన్ని మందల ఏదీ లెక్కచెయ్యది బుచ్చమ్మా. ముందు సూది అంటరు, ఆఖరికి ఆడికే తెస్తరు."

అక్కకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయట.

"ఓ పిచ్చి మారాజా! పరీక్షకు నెత్తురు తీస్తరు, గంతే. రేపు నిజంగనే తీసెయ్యాల్సొస్తే తియ్యనీ. నేను కాపురం చేసింది పొట్టేలుతోటా? నువ్వు లేకుంటే నేనెట్ల బతకాలె, అది చెప్పు ముందు."

మర్నాడు ముగ్గురం సూర్యాపేట బస్సెక్కాం. రక్తం తీసే గది ముందు బావ చెప్పులు విప్పాడు, మళ్లీ తొడుక్కున్నాడు. ఈసారి నేను నోరు మూసుకున్నాను. అక్క చప్పున లోపలికి పోయి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"ముందుగాల నాది తియ్యి బిడ్డా."

"నీకేమైందమ్మా?" అంది నర్సు.

"నాకేం కాలే. షుగరో గిగరో, ఏదో ఒకటి సూడు. మా ఆయన సూడాలె."

బావ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. సూది తీశాక అక్క మోచేతి దగ్గర చిన్న నెత్తురు చుక్క పొంగింది. గబగబా లోపలికి వచ్చి దాన్ని తన బొటనవేలితో అదిమిపట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు.

"ఇగ లెవ్వు బుచ్చమ్మా. నా సూది నన్ను పొడిపించుకోనియ్యి" అన్నాడు.