పెద్దమ్మ పన్నెండో పేజీ

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, తానొక బ్లాగు మొదలుపెడుతున్నానని, పేజీలన్నీ తనే ఫైళ్లుగా రాసి దాచుకోవడం మేలా, లేక టైపు చేసి ఒక బటన్ నొక్కితే చాలనే తయారు సైట్లలో దేన్నైనా పట్టుకోవడం మేలా అని అడిగింది. ఉద్యోగమంతా కంప్యూటర్ల మధ్యే గడిపిన అత్తకు ఈపాటి జవాబు నాలుక చివరనే ఉంటుందని దాని నమ్మకం. రేపు చెబుతానన్నాను. వారం గడిచినా చెప్పలేదు. ఒకప్పుడు ఇదే ప్రశ్న వస్తే క్షణమైనా ఆలోచించకుండా, ఎంతో ధీమాగా జవాబిచ్చిన మనిషిని నేను.

తొంభైల చివరి సంవత్సరాలవి. నారాయణగూడలో మేడ మీదున్న ఒక కంప్యూటర్ శిక్షణా కేంద్రంలో వెబ్ పేజీలు రాయడం నేర్పేదాన్ని. చెప్పులు గుమ్మం బయట విడిచి, గుడిలోకి వెళ్లినట్టు ఆ చల్లటి గదిలోకి వెళ్లడం, మానిటర్ల మీది గుడ్డ తొడుగులు తీసి మడతపెట్టడం నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. సాయంత్రం పాఠాలయ్యాక చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ వరకు నడిచి మా పెద్దమ్మ ఇంటికి వెళ్లేదాన్ని. అమ్మకు అక్క ఆవిడ. గుంటూరు నుంచి నర్సుగా ఈ ఊరొచ్చి, పెళ్లి మాట తలపెట్టకుండా, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైంది. ఎన్ని వేలమంది పిల్లల్ని చేతుల్లోకి తీసుకుందో ఆవిడకే తెలియదు. మాట తక్కువ మనిషి. వంట చేస్తున్నా, కూరలు తరుగుతున్నా ఏదో లోపల వింటున్నట్టుండేది.

రిటైరైన ఏడాది, ఆ కాన్పుల గదిలో చూసినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. కట్టడాల దగ్గర ఇటుకలు మోస్తూ మోస్తూనే నొప్పులొచ్చి నడిచి వచ్చిన పాలమూరు ఆడవాళ్లు, తోడుగా ఎవరూ లేక నర్సు చేయి పట్టుకుని అరిచినవాళ్లు, మూడో రోజున బిడ్డను చీరకొంగులో చుట్టుకుని మళ్లీ పనిలోకి పోయినవాళ్లు. చదివి నేను నిలువునా కదిలిపోయాను. వీటిని ఇంటర్‌నెట్‌లో పెడదాం అన్నాను. అప్పటికి బ్లాగు అన్న మాట మా చెవిన పడలేదు. సొంత పేజీ అనేవాళ్లం.

అప్పుడే వచ్చింది ఆ ప్రశ్న. ఎవరైనా వచ్చి పేరిచ్చి, గడుల్లో టైపు చేసుకుంటూ పోతే పేజీ దానంతటదే తయారయ్యే ఉచిత సైటు ఒకటుండేది. చిక్కడపల్లిలో నెట్ సెంటర్ నడిపే అన్న అది చూపించి, అమ్మ తనే రాసుకోవచ్చు కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అందులో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. పైగా రాసిందంతా ఎవరిదో సర్వర్‌లో ఉంటుంది, వాళ్లు దుకాణం కట్టేస్తే మన గతేమిటి? నేను ప్రతి పేజీనీ ఫైలుగా చేత్తో రాస్తాను, తెలుగు ఫాంటు వాడతాను, ఫ్లాపీల్లో రెండేసి ప్రతులు ఉంచుతాను అన్నాను. పెద్దమ్మ రెండు వైపులా విని, నీకు ఎలా తోస్తే అలా చెయ్యవే అంది.

అలా పదకొండు పేజీలు పెట్టాం. ఆవిడ రాసేది, నేను టైపు చేసేదాన్ని. ఒక్క అక్షరం మార్చాలన్నా నేను రావాలి, ఫ్లాపీ తీసుకుని నెట్ సెంటర్‌కు వెళ్లాలి, మోడెమ్ కీచుమని కలిసేదాకా కూర్చోవాలి. మొదట్లో ప్రతి ఆదివారం వెళ్లాను. తర్వాత లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఆదివారాలు కూడా ఆఫీసువే అయ్యాయి.

పదకొండో పేజీలో ఒక పాలమూరు తల్లి కథ ఉంది. ఆసుపత్రి వరండాలోనే కాన్పైంది, బిడ్డ ఏడవలేదు. పెద్దమ్మ అంతవరకే రాసి నాకిచ్చింది. మిగతాది వచ్చే వారం అంది. ఆ పేజీ చదివి, గల్ఫ్‌లో నర్సుగా పనిచేస్తున్న ఒకామె ఈమెయిల్‌లో ఉత్తరం పంపింది. రెండే వాక్యాలు. ఆ బిడ్డ బతికిందా అమ్మా, నాకూ ఒకసారి ఇలాగే అయింది అని. దాన్ని కాగితం మీద ప్రింటు తీసి పెద్దమ్మకు ఇచ్చాను. ఆవిడ దాన్ని మడిచి నోటుపుస్తకంలో పెట్టుకుంది. మిగతాది రాసిస్తే పెట్టేస్తానన్నాను గాని, ఆ తర్వాత నాలుగు వారాలు అటు తొంగిచూడలేదు.

వెళ్లేసరికి పెద్దమ్మ ఇంట్లో లేదు. నెట్ సెంటర్‌లో, మూల కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ టైపు చేస్తోంది. అన్న దగ్గరే నిలబడి సాయం చేస్తున్నాడు. నేను వద్దన్న ఆ సైటులోనే, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, ఆరు పేజీలు రాసేసింది. నాకెందుకో అవమానంగా తోచింది. ఇది రేపు ఉంటుందో లేదో, ఇంత కష్టపడి చేసిందంతా నీళ్లలో పోసినట్టేనని అందరి ముందే అన్నాను.

పెద్దమ్మ కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. "ఎన్నాళ్లుంటుందో నాకు తెలీదమ్మా. ఆ గల్ఫ్ పిల్ల అడిగింది కదా, జవాబు చెప్పాలి కదా అనుకున్నాను."

ఆ ఆరు పేజీలనూ నా ఫైళ్లలోకి మార్చి పెడతానన్నాను. అక్కడే నిలబడి ఒకటి చదవబోయి, ఆ ఇంగ్లీషు అక్షరాల తెలుగు కంటికి ఎక్కక, తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. పెద్దమ్మ మళ్లీ నెట్ సెంటర్‌కు వెళ్లలేదు. నా మాట వల్లేనని అప్పుడు తెలిసినా తెలియనట్టే ఉండిపోయాను.

ఆ చలికాలంలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, మాట రెండూ పోయాయి. ఆసుపత్రులు, మందులు, వంతులేసుకుని కూర్చోవడాల్లో పేజీల సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఏడాది తిరగకుండా పెద్దమ్మ వెళ్లిపోయింది. పదమూడో రోజు కార్యక్రమం కూడా అయ్యాక ఒకనాడు ఆ సైటు తెరిస్తే, అది మూతపడిందన్న ఒక్క వాక్యం కనిపించింది. నేను చెప్పినట్టే జరిగింది. నా మాట నిజమైనందుకు అంతగా ఏడ్చిన రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

పెద్దమ్మ నోటుపుస్తకంలో ఆ ఆరు పేజీల ఊసే లేదు. చాలా రోజులకు ధైర్యం చేసి నెట్ సెంటర్‌కు వెళ్లి, ఆ పేజీలు ఆయన కంప్యూటర్‌లో ఎక్కడైనా మిగిలాయేమోనని అన్నను అడిగాను. లేవన్నాడు. కుర్చీ లాగి కూర్చోమన్నాడు.

"పేజీ లేదక్కా. గని ఆ బిడ్డ ముచ్చట నాకు యాదికున్నది. అమ్మ రాసినంక నన్ను సదువుమన్నది. మాది పాలమూరు గద, ఆ తల్లి మాట సక్కగ వచ్చిందా సూడు అన్నది."

ఆయన చెప్పింది ఇది. బిడ్డ ఏడవకపోయేసరికి, పోయిందనుకుని పెద్దమ్మ గుడ్డలో చుట్టి పక్కన పెట్టేసి, రక్తం ఆగని తల్లిని చూసుకుంటూ ఉండిపోయింది. అప్పుడు తల్లి, జర నా మీద పండవెట్టమ్మా, ఒక్కపారి సూసుకుంట అని బతిమాలింది. చచ్చిన బిడ్డను చూసి ఏం చేస్తావని పెద్దమ్మ కసిరింది. అయినా ఆమె చేతులు చాపే ఉంచింది. సరేనని గుండెల మీద పెడితే, కాసేపటికి ఆ బిడ్డ కదిలింది, ఏడ్చింది. తల్లి నర్సమ్మ కాళ్లకు మొక్కింది. తాను పక్కన పెట్టేసిన బిడ్డ బతికినందుకు తననే దేవతను చేసి మొక్కుతుంటే ఆ కాళ్లు వెనక్కి తీసుకోలేకపోయానని, ముప్ఫయ్యేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదని, అంతకుముందు అలా పక్కన పెట్టిన బిడ్డల్లో ఎందరు బతకవలసినవాళ్లో అని ఇప్పటికీ అనిపిస్తుందని ఆవిడ రాసిందట.

"మీ చెల్లె బిడ్డకు చెప్పలేదా అని అడిగిన," అన్నాడు అన్న. "దానికి చెప్తే దాని చేతులతోనే టైపు చెయ్యాలె గద, నా తప్పు దాని చేతికి ఎందుకు అన్నది."

అప్పటిదాకా నేను పట్టుబట్టింది పేజీ ఎక్కువకాలం నిలవడం గురించే. మనిషికి ఒక మాట ఎవరి చేతి మీదుగానూ కాకుండా తానే చెప్పుకోవాలని ఉంటుందని నాకు తట్టలేదు. నేనుండగా ఆవిడ ఆ పేజీ రాయగలిగేది కాదు. మిగతాది వచ్చే వారం అని ఆవిడ ఆగింది తీరిక లేక కాదు.

అన్న చెప్పినదాన్ని ఆ రాత్రే కాగితం మీద పెట్టి, పన్నెండో పేజీగా చేశాను. ఇవి పెద్దమ్మ మాటలు కావు, ఆవిడ రాసింది చదివినవారు చెప్పగా విన్నవి అని పైన ఒక వాక్యం చేర్చాను. గల్ఫ్ నర్సుకు ఉత్తరం పంపితే ఆ చిరునామా ఇప్పుడు లేదని తిరిగొచ్చింది. పెద్దమ్మ జవాబు ఆమె చదివిందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు తెలుగు అక్షరాలకు ఫాంటూ అక్కర్లేదు, ఫ్లాపీ అక్కర్లేదు. రాంనగర్ మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడ కూడా ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడితే అది తెలుగులో రాసిపెడుతోంది. ఎంతో రాస్తున్నారు, ఎంతో పోతోంది కూడా. మూతపడ్డ సైట్లకు లెక్క లేదు. నా పన్నెండు పేజీలూ ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పెద్దమ్మ ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట ఉన్నది వాటిలో పన్నెండోదాంట్లోనే, అందులో ఆవిడ రాసిన వాక్యం ఒక్కటీ లేదు.