రెండు వైపుల నుంచి వచ్చిన తెలుపు

మా చెల్లె పుట్టినప్పుడు నాకు పదేళ్లు దాటాయి. బస్తర్ ఇంకా రాజ్యంగానే ఉన్న రోజులవి. భోపాల్‌పట్నం నుంచి ఒక పూట నడిస్తే మా ఊరు వస్తుంది. వరి కోతలు అయిపోయి కళ్లాల్లో పని నడుస్తోంది. నాన్న, మేనత్త అక్కడే ఉన్నారు. ఇంట్లో అమ్మ దగ్గర నాయనమ్మ, మంత్రసాని, నేను ఉన్నాం.

బిడ్డ బయటపడగానే మంత్రసాని గుడ్డతో తుడిచింది. మళ్లీ తుడిచింది. పుట్టిన పిల్లల ఒంటి మీద ఉండే తెల్లటి పూత అనుకుందట. మూడోసారి వేడినీళ్లతో కడిగి, "ఇది పోతలేదే" అంది.

నాయనమ్మ వంగి చూసింది. గోడకు వీపు ఆనించి నెమ్మదిగా కింద కూర్చుంది. ఆమె భయపడిందనుకున్నాను. అది భయం కాదనీ, ఆమె గుర్తుపట్టిందనీ తెలియడానికి నాకు నెల రోజులు పట్టింది.

పిల్ల ఒళ్లు లేత గులాబీ రంగులో ఉంది. జుట్టు లేత మొక్కజొన్న పీచులా ఉంది. కనుబొమలు, రెప్పవెంట్రుకలు కూడా తెలుపే. మా ఇంట్లో అందరం నల్లటివాళ్లం. అమ్మ, నాన్న ఇద్దరూ ఒకే ఛాయ. ఎందుకంటే అమ్మ నాయనమ్మకు సొంత తమ్ముడి కూతురు. మేనరికం చేసుకుని తెచ్చుకున్న పిల్ల.

నాన్న కళ్లం నుంచి వచ్చి, గడపలో నిలబడి బిడ్డను చూశాడు. భుజం మీద తువ్వాలు తీసి దులుపుకుని, మళ్లీ కళ్లానికి వెళ్లిపోయాడు.

ఊరు నెలలు లెక్కపెట్టింది. ఇప్పపూలు రాలే కాలంలో అడవి ఇలాకా తెల్లదొర ఒకాయన మా ఊరి పక్కన డేరాలు వేసి ఎనిమిది రోజులు ఉన్నాడు. దొరల డేరాలకు ఇంటికొకరు వెట్టికి పోవాలి. ఆ వారం నాన్న చలిజ్వరంతో మంచం మీద ఉన్నాడు. ఆయన బదులు అమ్మ వెళ్లింది. ఇంకో నలుగురు ఆడవాళ్లతో కలిసి వాగు నుంచి నీళ్లు మోసింది. బిడ్డ దొరకు పుట్టిందన్న మాట మొదట లేపింది ఆ నలుగురిలో ఇద్దరేనని తరువాత విన్నాను.

నాన్న అమ్మను కొట్టలేదు, తిట్టలేదు. ఆమెతో మాట్లాడడం మానేశాడంతే. నాయనమ్మ పెడితేనే తినేవాడు. పడుకోవడానికి కళ్లానికి పోయేవాడు. ఒకరోజు నేను అన్నం పట్టుకెళ్తే, "మీ అమ్మ ఏమన్న చెప్పిందా?" అని అడిగాడు. "ఏం చెప్పాలె?" అన్నాను. ఆయన ముద్దను మళ్లీ గిన్నెలో పెట్టేశాడు. జ్వరం తనకు రాకపోయి ఉంటే ఆమె వెళ్లేదే కాదు కదా అని ఆ రోజుల్లో తనను తాను తిట్టుకునేవాడినని, ముసలితనంలో నాతో అన్నాడు.

అమ్మ ఏడ్చినట్టు నాకు గుర్తులేదు. ఒకసారి మాత్రం బిడ్డకు పాలిస్తూ నాయనమ్మను అడిగింది.

"అత్తా, నువ్వు నన్ను పుట్టినకాడి నుంచి ఎరుగుదువు. నువ్వన్న ఒక మాట చెప్పరాదు నీ కొడుకుకు."

నాయనమ్మ చేటలో నూకలు తీసుకుని కోళ్లకు వేయడానికి బయటికి వెళ్లిపోయింది. అవి అప్పటికే మేత తిని ఉన్నాయి.

అప్పుడే మేనత్త పెళ్లి కుదిరి ఉంది. పామేడు వైపు వాళ్లు, మంచి పొలం ఉన్న ఇల్లు. మేనత్తకు పదహారేళ్లు. ఇంట్లో ఇంత జరుగుతున్నా ఆమె తన చీరకు అంచు కుట్టుకుంటూ, వచ్చే నెల గురించే మాట్లాడేది. ఆ వయసులో అది తప్పని ఎలా అనగలం?

చలికాలంలో టీకాలాయన ఊరూరూ తిరిగేవాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి రాజ్యం దవాఖానాలో చేరినవాడు. కాలేజీ చదువు మధ్యలో ఆగిపోయిందని చెప్పుకునేవాడు. మా వాకిట్లో కూర్చుని టీకాలు వేస్తూ, అమ్మ ఒళ్లో బిడ్డను చూసి లేచి వచ్చాడు. పిల్లను వెలుగు వైపు తిప్పించాడు. పిల్ల కళ్లు మూసుకుని ముఖం తిప్పేసుకుంది. నీడలోకి తెచ్చాక కళ్లు తెరిచింది. ఆ కళ్లు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ సన్నగా ఊగుతున్నాయి.

"పిల్లకు ఎండ తగలనివ్వకండమ్మా. చర్మం బొబ్బలెక్కుతుంది. చూపు కూడా కాస్త తక్కువగా ఉంటుంది" అన్నాడు.

ఊళ్లో మాట అప్పటికే ఆయన చెవిన పడినట్టుంది. నాన్న వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"తెల్లవాడికీ మనవాళ్లకీ పుట్టిన పిల్లలను నేను చూశాను. వాళ్లు చామనఛాయలో ఉంటారు. ఇలా రెప్పలతో సహా తెల్లగా ఉండరు. ఇది ఒంట్లో రంగు తయారుకాకపోవడం. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా వస్తేనే ఇలా పుడతారు. ఒక్కరి వల్ల రాదు. మీ రెండు వంశాల్లో ఎవరైనా ఇలాంటివాళ్లు ఉన్నారేమో అడగండి."

"మా వంశంల ఎవరూ లేరు" అన్నాడు నాన్న. అమ్మ కూడా తనకు తెలిసి ఎవరూ లేరంది. నాయనమ్మ టీకా వేయించుకున్న చేయి పట్టుకుని నేల వైపే చూస్తోంది.

వారం తిరక్కుండా మా వాళ్లలో పెద్దలు ఐదుగురు మా ఇంటికి వచ్చారు. ఉదయం పూట. వాకిట్లో చాపలు పరిచాం. చింతలనార్ వైపు నుంచి మా మేనమామను కూడా పిలిపించారు, అమ్మను తీసుకుపోవడానికి. అంటే తీర్పు ఏమిటో ముందే తేల్చేసుకున్నారన్నమాట. అమ్మ బిడ్డను కొంగుతో కప్పుకుని అరుగు మీద కూర్చుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. మేనమామ తల వంచుకుని పుల్లతో నేల గీస్తున్నాడు.

పెద్దాయన ఒకరు, "కోడలు పుట్టింటికి పోయేదేదో గౌరవంగ పోతెనే మంచిది" అని మొదలుపెట్టాడు.

నాయనమ్మ వంటింట్లోంచి వచ్చింది. చాపల మధ్యకు వచ్చి నిలబడింది. ఆడవాళ్లు అక్కడికి వచ్చే అలవాటు లేదు.

"నా చెల్లె గిట్లనే పుట్టింది" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది.

"మా అవ్వకు నేను, నా తమ్ముడు, అటెన్క ఒక చెల్లె. అది గీ పిల్ల లెక్కనే తెల్లగ. రెప్పలు గూడ తెల్లయే. ఎండల నిలబడకపోయేది. మా అవ్వ దాన్ని ఏడేండ్లు ఇంట్లనే దాచి సాదింది. అమ్మవారు పోసి సచ్చిపోయింది. గప్పుడు మా ఇద్దరితోని ఒట్టు ఏపిచ్చుకుంది, ఎవ్వలకు చెప్పొద్దని. చెప్తే మాకు సంబంధాలు రావని. నా తమ్ముడు సచ్చేదాక కన్నబిడ్డలకు గూడ చెప్పలే."

మేనమామ తల ఎత్తాడు. చనిపోయిన ఆ తమ్ముడు అతని తండ్రే.

"నెల దినాల సంది ఎందుకు చెప్పలే మరి?" అని పెద్దాయన అడిగాడు.

"నా బిడ్డ లగ్గం అయిపోనీ, అటెన్క చెప్తననుకున్న. అప్పటిదాక ఇది ఓర్చుకుంటదనుకున్న." అమ్మ వైపు చూడకుండా అంది ఆ మాట.

ఇంట్లో ఏదో పడిన చప్పుడైంది. మేనత్త చేతిలోని చెంబు అది.

పెద్దలు ఇంకాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. మేనమామ కూడా మధ్యాహ్నం అన్నం తిని బయలుదేరాడు. నాన్న గడప పక్కన కూర్చుని అమ్మను నీళ్లడిగాడు. నెల రోజుల తరువాత ఆమెతో ఆయన అన్న మొదటి మాట అదే. అమ్మ నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

"మీ అవ్వ చెప్పింది గాబట్టి నమ్మినవు. నేను చెప్తె నమ్మలే" అంది.

తరువాత నాన్న బిడ్డను ఎత్తుకున్నాడు, అడగకుండానే నీళ్లు మోశాడు, చెల్లె కోసం వాకిలికి తడికలు కట్టి నీడ చేశాడు. అయినా అమ్మ ఆయనతో మామూలుగా నవ్వడం నేను మళ్లీ చూసింది వానలు పడ్డాకే.

పామేడు వాళ్లు సంబంధం వద్దనుకున్నారు. మేనత్త తన తల్లితో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆ కోపం మాత్రం చెల్లె మీద ఎన్నడూ చూపలేదు. పిల్ల నడక నేర్చాక తాటాకుతో చిన్న టోపీ అల్లి, గడ్డం కింద కట్టుకోవడానికి తాడు కుట్టింది ఆమే. రెండేళ్లకు భోపాల్‌పట్నంలోనే ఒక ఇంటికి కోడలుగా వెళ్లింది. వాళ్లకు సంగతి ముందే చెప్పి పెళ్లి చేశారు.

టీకాలాయన మళ్లీ వచ్చినప్పుడు నాన్న ఆయనకు జరిగినదంతా చెప్పాడు. ఆయన నన్ను చింతగింజలు తెమ్మన్నాడు. మేం ఆడుకునే గింజల్లో కొన్ని నల్లవి, కొన్ని తోలు తీసిన తెల్లవి. ఆయన రెండు పిడికిళ్లు పట్టి, ఒక్కోదాంట్లో ఒక నల్లగింజ, ఒక తెల్లగింజ పెట్టాడు.

"ఇది మీ నాన్న. ఇది మీ అమ్మ. ఒక్క నల్లగింజ ఉన్నా మనిషి నల్లగానే కనబడతాడు. తెల్లది లోపల ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. పుట్టబోయే బిడ్డ చూడకుండా ఇక్కడొకటి, అక్కడొకటి తీసుకుంటుంది. తియ్యి."

నేను కళ్లు మూసుకుని తీశాను. రెండూ నల్లవే వచ్చాయి. మళ్లీ తీశాను. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. చాలాసార్లు తీశాక రెండూ తెల్లవి వచ్చాయి. ఆయన వాటిని నా అరచేతిలో ఉంచి, "ఇదిగో మీ చెల్లి" అన్నాడు.

నాయనమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. "అంటే నా నుంచి నా కొడుక్కొచ్చింది. నా తమ్ముని నుంచి నా కోడలుకొచ్చింది. అంతేనా?"

"అంతేనమ్మా."

"అయితే తప్పు నాదే."

"గింజ పెట్టింది మీరు కాదు గదమ్మా. మీకు తెలియకుండా వచ్చింది, మీకు తెలియకుండా పోయింది. అందులో తప్పేముంది?"

నాయనమ్మ కాసేపు ఆ గింజలను చూసింది. "అందుల లేదు" అంది. "నోరు మూసుకున్నదాన్ల ఉన్నది." అరుగు మీద కూర్చున్న అమ్మ ఆ మాట విన్నది. ఆ రోజు అత్తకు అన్నం తనే వడ్డించింది.

రాజ్యం చివరి రోజుల్లో నేను జగదల్‌పూర్‌లో నర్సు పని నేర్చుకున్నాను. అక్కడి డాక్టరమ్మకు చెల్లె సంగతి చెబితే, తన పుస్తకం తెరిచి క్రోమోజోముల బొమ్మ చూపించింది. పురుగుల్లా వంకరటింకరగా, జంటలు జంటలుగా ఉన్నాయి. ప్రతి జంటలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రంగు, ఎత్తు, రక్తం తీరు అన్నీ వాటి మీదే వరుసగా ఉంటాయని చెప్పింది. మనిషికి అవి నలభై ఎనిమిది అని ఆ పుస్తకంలో ఉండేది. నలభై ఆరేనని తరువాత ఎన్నో ఏళ్లకు తేల్చారు. చదువుకున్నవాళ్లు కూడా లెక్క తప్పుతారని తెలిసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"నాలో కూడా ఆ తెల్లది ఉండొచ్చా?" అని అడిగాను.

"మీ అమ్మానాన్నలు ఇద్దరిలోనూ ఉంది. నువ్వు నల్లగా పుట్టావు. నీలో అది ఉండే అవకాశం మూడింట రెండు వంతులు."

ఆ ఏడే మేనమామ కొడుకుతో నా పెళ్లి మాట వచ్చింది. బావ మంచివాడు, నాకూ ఇష్టమే. సంతలో కలిసినప్పుడు అతనికి ఉన్నదున్నట్టు చెప్పాను. "నీల గూడ ఉండొచ్చు, నాల గూడ ఉండొచ్చు" అన్నాను. "పుడితే సాదుకుందం, ఏమైతది?" అన్నాడు. అది తేలికగా అన్న మాట కాదు. కానీ మా చెల్లె ఎండలో ఎర్రబడిన మెడతో, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని అక్షరాలు వెతుక్కోవడం రోజూ చూసినదాన్ని నేను. వద్దన్నాను. అమ్మకు కోపం వచ్చింది, తన పుట్టింటిని కాదన్నానని. బయటి సంబంధం చేసుకున్నాను. బావ ఇంకో అమ్మాయిని చేసుకున్నాడు. అప్పుడు నేను చేసింది సరైనదో కాదో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

చెల్లె పెరిగింది. పొలం పనికి పోలేదు గానీ ఈతాకు చాపలు ఆమెలా అల్లేవాళ్లు మా చుట్టుపక్కల లేరు. చేతులతో తడుముతూనే అల్లేది. చాపలు కొనడానికి వచ్చే కిరాణా కొట్టు అతను ఆమెను చేసుకుంటానన్నాడు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అతను మూడుసార్లు అడిగాడు.

ఆమె తొలికాన్పు నా చేతుల మీదే జరిగింది. తెల్లవారి ఎండ ఇంకా ముదరలేదు. మగపిల్లవాడు, నల్లగా, గట్టిగా ఏడుస్తూ పుట్టాడు. గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాను. బిడ్డ ముఖాన్ని తన ముఖానికి ఆనించుకుంటే తప్ప ఆమెకు కనబడదు.

"ఎట్లున్నడే?" అని అడిగింది.

"మీ ఆయన లెక్కనే. నల్లగ, నిగనిగలాడుతున్నడు."

నేను సంతోషంగా చెప్పిన మాట అది. ఆమె కాసేపు బిడ్డ నుదురు వాసన చూసింది.

"మంచిగైంది" అంది. తరువాత, సిగ్గుపడుతున్నట్టు మెల్లగా, "నా లెక్క ఒక్కలన్న పుడితే బాగుండుననుకున్ననే అక్కా. ఈ దునియాల నా లెక్క ఎవ్వలు లేరు" అంది.

అన్నేళ్లలో ఆమెకు ఎండ తగలకుండా చూశాం, పెళ్లి చేశాం, చూపు తక్కువని పక్కన నడిచాం. ఆమె ఒంటరిగా ఉందని మాత్రం నాకు తట్టలేదు. వాడిలో ఆమె తెల్లగింజ ఒకటి తప్పకుండా ఉందని, పైకి కనబడదంతే అని చెప్పాను. "ఉన్నదా నిజంగ?" అని రెండుసార్లు అడిగి, నాతో చెప్పించుకుని, బిడ్డను రొమ్ముకు తీసుకుంది.