గొర్లు దిగే దారి

చిలుకూరు రామనర్సయ్యకు మనుషుల మీద కంటే గొర్ల మీదే నమ్మకమెక్కువ. నలభై ఏళ్ళుగా మంద కాస్తున్నాడు. ఎవరి చేనుకు ఎరువు కావాలన్నా ఆయన మందే వెళ్ళి అక్కడ పడుకోవాలి. అలా ఊరందరి నేలకూ బలం పెట్టిన మనిషికి సొంతంగా ఉన్నది వాగొడ్డున ఎకరం పొలం. దాన్నేమో వాగు ఏటా కాస్త కాస్త కోసుకుపోతోంది.

తప్పంతా అవతలి ఒడ్డు వెంకటయ్యదేనని ఆయన పట్టు. "వాడు గట్టెత్తిండు, నీళ్లను మన దిక్కు తోసిండు" అని టీకొట్టు దగ్గర చెప్పని రోజు లేదు. ఇద్దరికీ మాటల్లేక తొమ్మిదేళ్ళు. రామనర్సయ్య మొండిఘటం, కోపమొస్తే ఒక పట్టాన దిగదు.

మొన్నటి వానలకు ఒక్క పూటలోనే పావెకరం పోయింది. వాగు తగ్గాక భార్య సరోజనతో వెళ్ళి చూశాడు. ఒడ్డు పొడుగునా తెగలేదు. ఒక్కచోటే తెగి, అక్కడి నుంచి నీళ్ళు లోపలికి జొరబడి మన్నంతా ఊడ్చుకుపోయాయి. అది తన మంద రోజూ నీళ్ళకు దిగే దారి. గొర్లకు సుఖంగా ఉంటుందని అక్కడి పొదలు కొట్టేసింది ఆయనే. ఆ తర్వాత గిట్టల తొక్కిడికి గడ్డిపోచ కూడా మొలవలేదు.

"ఈ దారి వద్దని ఎన్నిసార్లు జెప్పిన?" అంది సరోజన. గొంతు పెంచలేదు, అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ ఊరికే ఒక మనిషిని ఆడిపోసుకున్నానని సిగ్గుతో చచ్చిపోయాడు.

అవతలి ఒడ్డున వెంకటయ్య పెంచిన వావిలి చెట్లు వేళ్ళతో మన్ను పట్టుకుని గుబురుగా నిలబడి ఉన్నాయి. గొర్రె మూతి పెట్టని చెట్టది. రామనర్సయ్య వంతెన మీదుగా వెళ్ళి ఆ ఇంటి ముందు నిలబడ్డాడు.

"వెంకటన్నా, నాలుగు వావిలి కట్టెలిస్తవా? ఒడ్డుకు నాటుకుంట."

వెంకటయ్య కొడవలి తెచ్చి ఇచ్చాడు. "నరుక్కపో. మరి నీ గొర్లు?"

"ఇగ వంతెన దిక్కు తిప్పుకపోత. మైలు దూరమైతది, అయినా నడుస్తయి."

సాయంత్రం ఆయన కట్టెలు నాటుతుండగానే సరోజన మందను తోలుకొచ్చింది. ముసలి పొట్టేలు అలవాటు కొద్దీ నేరుగా పాత దారికే వచ్చింది. రామనర్సయ్య చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. దూప మీదున్న గొర్లను నీళ్ళ దగ్గర ఆపడం ఆయన జన్మలో అదే మొదటిసారి. పొట్టేలు ఆయన మోకాలికి తల ఆనించి కదలనంది.

"నడువు బిడ్డా," అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. "తప్పు నాది, నీది గాదు. నడువు."