కండెలత్త వాంగ్మూలం

దారం మిల్లులో సగం జీవితం కండెలు చుట్టిన మనిషిని ఆ వరుస గదుల్లో అందరూ కండెలత్త అనే పిలిచేవారు. ఆమె నోరు తెరిస్తే పక్క వీధి దాకా నవ్వాల్సిందే. కానీ మిల్లు కాలిన రోజు గురించి ఎవరైనా కదిపితే మాత్రం, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు గుర్తొచ్చేది ఆమెకు. లేచి లోపలికి వెళ్లిపోయేది.

దాన్ని పిరికితనం అనేయడం తేలిక. ఆమె ఉంటున్న గది మిల్లు కంపెనీది. మంటల్లో పోయిన అక్కకు ఒక్కడే కొడుకు. వాణ్ణి కడుపులో పెట్టుకుని పెంచింది. వాడి ఉద్యోగం కంపెనీ గోదాములో. గోడకు అవతల బట్టలు కుట్టే అమ్మాయి తల్లి కూడా ఆ మంటల్లోనే పోయింది. పైగా ఆ తల్లే పనిగదిలో దొంగచాటుగా స్టవ్వు వెలిగించి అందరి ప్రాణాలూ తీసిందని విచారణ నివేదిక తేల్చింది. చనిపోయినవాళ్లు అప్పీలు చేసుకోలేరు. ఆనాటి నుంచి కుట్టే అమ్మాయి ‘తగలబెట్టినదాని కూతురు’గానే పెరిగింది, పెళ్లాడింది, తల్లయింది.

అలాంటి చోటికి యూనివర్సిటీ విద్యార్థులు వచ్చారు. ఊరి చరిత్రను ఊరివాళ్ల గొంతుల్లోనే వినిపించాలని ఒక వెబ్‌సైటు కడుతున్నారు. అందులో ఊరి మ్యాపు ఉంటుంది. మ్యాపు మీద ఎర్ర చుక్కలుంటాయి. చుక్కను నొక్కితే ఒక మనిషి మాట్లాడతారు. కండెలత్త దగ్గరికి వచ్చిన అమ్మాయికి ఓపిక ఎక్కువ. ఏమీ అడక్కుండా చిక్కుళ్లు ఒలిచిపెట్టి వెళ్లేది. చివరికి కండెలత్తే అడిగింది.

“పేరు రాస్తావా, పాపా?”

“రాయనమ్మా. ఫొటో కూడా పెట్టం. ‘ఒక మాజీ కార్మికురాలు’ అంటాం, అంతే. తర్వాత వద్దనిపిస్తే మీరొక్క మాట చెప్పండి, తీసేస్తాం. మీరు తప్ప ఇంకెవరు చెప్పినా తీయం.”

“మీ పెద్దసారు చెప్పినా?”

“చెప్పినా.”

“అబ్బో! మా ఆయన బతికున్నన్నాళ్లూ నాకింత అధికారం ఇవ్వలేదే.”

నవ్వుతూనే మొదలుపెట్టింది. ఖాళీ కండెల కోసం తనను బయటికి పంపారు. తిరిగొచ్చేసరికి తలుపు సందుల్లోంచి పొగ వస్తోంది. కండెలు దొంగిలిస్తారని ఆ తలుపుకు రోజూ బయటి నుంచి తాళం వేసేవారు. తాళంచెవి మేస్త్రీ దగ్గర ఉంది. పైవాళ్లు చెప్పనిదే తీయనని వాడు గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలి నుంచి తలుపు బాదుతున్నారు. స్టవ్వంటారా, దాన్ని అంతకు ముందే మేస్త్రీ లాక్కుపోయాడు. ఆ రోజు ఆ గదిలో స్టవ్వే లేదు. తాళం ఎవరు వేశారని విచారణలో ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు రికార్డులోకి రాదు. న్యాయాన్ని తప్పించడానికి ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు.

విద్యార్థులు మాట నిలబెట్టుకున్నారు. పేరు దాచారు, ముఖం దాచారు, చుట్టపక్కాలు గుర్తుపట్టే ఇంటి సంగతులన్నీ కత్తిరించారు. ఒక్కటే మరిచారు. మాట ఎక్కడ రికార్డయితే అక్కడే చుక్క పెట్టడం ఆ వెబ్‌సైటుకు అలవాటు. ఫోను తనున్న చోటును తానే రాసేసింది. మిల్లు తలుపు దగ్గర పడాల్సిన చుక్క నేరుగా కండెలత్త గుమ్మం మీద పడింది.

కొళాయి దగ్గర మొదట ఎగతాళే. “ఏమత్తా, నీ గుమ్మానికి ఎర్రలైటు పెట్టారంట! ఇక పోస్టుమ్యాన్ దారి అడగక్కర్లేదు.” కుట్టే అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఫోను సౌండు మొత్తం పెంచి కిటికీలో పెట్టింది. “ఆ రోజు ఆ గదిలో స్టవ్వే లేదు” అన్న మాటను వీధి వీధంతా విన్నది. వినక తప్పలేదు, ఆమె ఆపితేగా.

విద్యార్థిని పరుగున వచ్చి, క్షమాపణ చెప్పి, చుక్కను మార్పించింది. అప్పటికే ఆలస్యమైంది. కంపెనీ మేనేజరు కండెలత్త అక్క కొడుకును పిలిచి టీ ఇచ్చాడు. బెదిరించలేదు. బెదిరింపుకు చట్టంలో నిర్వచనం ఉంది. ఆయన దాని గట్టు మీద చెప్పు తడవకుండా నడిచాడు. గది మరమ్మతుకు ఖాళీ చేయించాల్సి రావచ్చన్నాడు. గోదాములో మనుషులు ఎక్కువయ్యారన్నాడు. యూనివర్సిటీ మా మాట వినడం లేదు, పెద్దావిడ మాటైతే వింటుంది కదా, అన్నాడు.

“తీసెయ్యమను, పిన్నీ,” అన్నాడు అక్క కొడుకు, తల దించుకుని.

“మీ అమ్మ గురించి కాదట్రా నేను చెప్పింది?”

“అమ్మ ఎలాగూ రాదు. జీతం అయితే ఒకటో తారీఖుకి వస్తుంది.”

“అంత మాట ఎలా వచ్చిందిరా నీ నోటికి?”

“కడుపుతో ఉన్న పెళ్లాన్ని తీసుకుని ఎక్కడికి పోనూ? నువ్వే చెప్పు!” అరిచాడు. అరిచి, ఆమె పక్కనే కూలబడి, చిన్నప్పటిలాగే ఆమె చీర చెంగుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ తుడుచుకోవడమే ఆమెను యూనివర్సిటీ దాకా నడిపించింది. కంప్యూటర్ల గదిలో విద్యార్థిని కుర్చీ వేసింది. తీసేసే ముందు ఒకసారి వింటారా అని అడిగి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. కండెలత్త తన గొంతును తానెప్పుడూ వినలేదు. ఎవరో ముసలావిడ, ఎంత వివరంగా చెబుతోందో! తలుపు బాదుతున్నారన్న చోట ఆ ముసలావిడ ఆగిపోయింది. కండెలత్త హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

“తీసెయ్, పాపా.”

“అమ్మా, మేము లాయర్లతో మాట్లాడతాం. వాళ్లు గది ఊరికే ఖాళీ చేయించలేరు…”

“కేసు తేలేదాకా పుట్టబోయే బిడ్డను ఎక్కడ పడుకోబెట్టమంటావు? నీ హాస్టల్లోనా?”

సమాధానం చట్టం దగ్గర ఉంది, కానీ చట్టానికి తొందరేముంది? విద్యార్థిని మాట ఇచ్చినట్టే తీసేసింది. యూనివర్సిటీనీ కంపెనీనీ ఎదిరించడానికి రాసుకున్న నియమం, ఎవరిని కాపాడాలో ఆమె గొంతు మీదే అమలైంది.

తిరిగొచ్చేసరికి కుట్టే అమ్మాయి మిషను ముందు ఉంది. కండెలత్త ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“తీయించేశానే,” అంది.

పెడలు మీద కాలు ఆగింది. కుట్టే అమ్మాయి సూది కింది బట్టను లాగి పక్కన పెట్టింది.

“నా ఫోన్లో దాచుకున్నానత్తా. వెబ్‌సైటులో లేకపోయినా అది ఉంది. నీ మాట కదా, నువ్వు చెప్తే తీసేస్తా. తీసెయ్యనా?”

గోడ అవతల అక్క కొడుకు దగ్గు వినిపించింది. కండెలత్త అటు చూసింది, ఇటు చూసింది.

“ఉంచుకో,” అంది. “సౌండు తగ్గించుకుని విను.”

“ఇన్నేళ్లూ తగ్గించుకునే కదత్తా బతికాను!”

కండెలత్త తన గదికి నడిచింది. అక్క కొడుకు లోపలి నుంచి పనైపోయిందా అని అడిగితే, అయిపోయిందని చెప్పింది.