మొదటి విడత పెట్టెకు చారల గుడ్డ

మా తమ్ముణ్ణి అందరూ వాల్వుల డాక్టరంటారు. డాక్టరుకైనా కాస్త జాలి ఉంటుంది, వీడికి అదీ లేదు. గిటారు వాయించేవాళ్లు యాంప్లిఫయర్ మోసుకొస్తే ముందు మనిషిని దులిపి, ఆ తర్వాతే పెట్టెను ముట్టుకుంటాడు. "దీని మీద టీ గ్లాసు పెట్టావు కదూ?" అంటాడు. గుండ్రటి మరక దాస్తే దాగుతుందా, వాళ్లు తలొంచుకుంటారు.

వయసులో ఉండగా తన చేత్తోనే ఇరవై మూడు పెట్టెలు తయారుచేశాడు, లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలిగేవి. మొదటి విడత తొమ్మిది, రెండో విడత పద్నాలుగు. వాడు పనిచేసే ముందుగదిలోనే నేను బట్టలు కుట్టేదాన్ని గనక స్పీకరు ముందు గుడ్డ బిగించే పని నాకంటగట్టాడు. నేను మూడో తరగతి దాటలేదు గానీ, నా చేతిపనికి వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు. మొదటి విడతకు గోధుమరంగు గుడ్డ వేశాం, రెండోదానికి బూడిదరంగు చారలది.

మొన్న ఒకమ్మాయి చారల గుడ్డ పెట్టె తెచ్చింది. పోయిన వాళ్ల నాన్నదట. మూలన పడి ఉన్నదాన్ని ఆన్ చేస్తే పొగొచ్చిందట.

"నాన్న వాయించినప్పుడు ఎలా పలికేదో అలాగే పలకాలండీ. ఇంకోలా పలికితే నాకొద్దు."

తమ్ముడు విప్పి చూశాడు. ఒక రెసిస్టరు మాడి బొగ్గయింది. దాని విలువ చెప్పే రంగు గీతలు ఒక్కటీ మిగల్లేదు. మొదటి విడతలో ఒక విలువది వేశాడు, రెండో విడతలో ఇంకొకటి. మొదటివి కాస్త బొంగురుగా పలుకుతాయి, రెండోవి తేటగా.

"రెండూ వేసి వినిపిస్తా, చెప్పు" అన్నాడు.

"నా చిన్నప్పుడే ఆయన వాయించడం మానేశారండీ. నేను గుర్తుపట్టలేకపోతేనో?" అంది.

"గుడ్డ చెబుతోందిగా, రెండో విడత" అని వాడు సోల్డరింగ్ కడ్డీ వేడికి పెట్టాడు.

నేను మిషను దగ్గర్నుంచే మెడ చాచాను. లోపల వైర్ల కట్టకు ఎర్ర దారం ముడులు కనిపించాయి. మొదటి విడతప్పుడు కట్టడానికి ఏమీ లేక, నా రవికల దారం ఉండంతా తగలేశాడు. రెండోసారికి ప్లాస్టిక్ పట్టీలు కొనుక్కున్నాడు.

"ఒరేయ్, కడ్డీ ఆపు. అది మొదటి విడతది. ఆ దారం చూడు."

"మిగిలిన దారం వీటికీ వాడి ఉంటాలే అక్కా. దారం అబద్ధమాడొచ్చు, గుడ్డ ఆడదు."

ఆడింది గుడ్డేనని నాకు తెలుసు. ఆడించింది నేను. వాడు వైరు మాడ్చిన ప్రతిసారీ వీధికంతా వినబడేలా తిట్టిన నోరు నాది. ఇప్పుడది మూసుకుంటే నా పరువు దక్కుతుంది, ఆ పిల్లకు తండ్రి పెట్టె గొంతు దక్కదు.

"ముందు పలక ఊడదీసి గుడ్డెత్తు" అన్నాను.

ఎత్తాడు. చెక్క మీద నల్లగా, ఇస్త్రీపెట్టె ముక్కు అచ్చు.

"ఇదేంటక్కా?"

"ముడత పోవాలని బిగించాక ఇస్త్రీ చేశా. మాడింది. గోధుమరంగుది అయిపోతే, నువ్వు కొత్తగా తెచ్చిన చారలది బిగించి, నువ్వు భోజనానికెళ్లినప్పుడు వీళ్ల నాన్నకిచ్చేశా. ఆయన చూశాడు. 'ఎవరికీ చెప్పన్లేమ్మా' అని నవ్వుకుంటూ పట్టుకెళ్లాడు."

"మా నాన్నా! ఆయన కడుపులో ఒక్క మాట దాగేది కాదండీ!" అని అమ్మాయి పకపకా నవ్వింది.

"ముప్పై ఏళ్లు నన్ను తిట్టి..." అని తమ్ముడు మొదలెట్టాడు.

"నువ్వు మాడిస్తే నేను కనిపెట్టాను. నేను మాడిస్తే నువ్వు కనిపెట్టలేదు. తప్పెవరిది?"

వాడు గొణుక్కుంటూనే మొదటి విడత రెసిస్టరు వేశాడు. వాల్వులు వెచ్చబడ్డాయి. అమ్మాయి వెంట తెచ్చుకున్న గిటారు తగిలించి ఒక్క తీగ మీటి, టక్కున అరచేత్తో ఆపేసింది. మళ్లీ మీటింది.

"ఇదే! భోజనాల వేళ పక్కగదిలోంచి వినిపించేది ఇదే" అంది. అన్నం చల్లారిపోతోందని వాళ్లమ్మ అరిచినా ఆ బొంగురు గొంతు ఆగేది కాదట.

గోధుమరంగు గుడ్డ వేసిస్తానంటే వద్దంది. "నాన్న దాచిపెట్టింది, అలాగే ఉండనివ్వండి."

ఆమె వెళ్లాక తమ్ముడు నోటుపుస్తకంలో ఏదో రాశాడు. కూడబలుక్కుని చదివాను: "మొదటి విడతలో చారల గుడ్డది ఒకటి. అక్క మాడ్చినది." ఆ చివరి రెండు మాటలూ కొట్టేసేదాకా వాడితో మాట్లాడేది లేదు. ఇవాళ్టికి మూడో రోజు.