రాజక్కకు చూపించని ఉత్తరం

ఈ ఉదయం మహబూబాబాద్ దగ్గర ఒక వడ్ల కొనుగోలు కేంద్రంలో బండి దిగానో లేదో, పుల్లటి వాసన ముక్కుకు కొట్టింది. వడ్ల కుప్ప వానకు తడిసి, అడుగున మొలకలొచ్చాక లేచే వాసన అది. ఆ వాసన తగిలితే నాకు కాటారం గుర్తొస్తుంది, కాటారం అంటే రాజక్క. ఆమె మీద నాకు గౌరవమని చెప్పుకోవడం తేలిక. నిజానికి ముందు కలిగింది అసూయ. చాలాకాలం అదొక్కటే ఉంది.

మాది జనగామ. వ్యవసాయ కళాశాల హాస్టల్లో 'గిట్ల' అని నోరు జారితే తోటి అమ్మాయిలు వారం రోజులు దాన్నే పట్టుకుని నవ్వేవారు. నాలుగేళ్లలో నా యాసను నేనే వదిలించుకున్నాను. వ్యవసాయ విస్తరణాధికారిగా కాటారం మండలంలో చేరేనాటికి పుస్తకంలా మాట్లాడేదాన్ని. మొదటి రైతుల సమావేశంలో వాతావరణ మార్పు గురించి గంటసేపు చెప్పాను. ముందు వరుసలో ఒక పెద్దాయన కునుకు తీస్తున్నాడు. అప్పుడు వెనకనుంచి ఒకామె లేచింది. మహిళా సంఘం తరఫున ఆ ఊరి కొనుగోలు కేంద్రం నడిపేది ఆమే. ఐదో తరగతితో చదువు ఆపి, రెండెకరాలు సాగు చేసుకుంటున్న రాజక్క.

"మేడం చెప్పేది గిదే. వానకాలంల ఎండ కొడుతంది, ఎండకాలంల వాన పడుతంది. కోతలప్పుడు జర పైలం. గంతే గద మేడం?"

అందరూ తలలూపారు. కునుకు తీస్తున్నాయన కూడా. నా గంట ఆమె ఒక్క నిమిషానికి సరిపోలేదు. నేను నవ్వాను గానీ, ఇంటికి వెళ్లేదాకా ఆ మాటలే లోపల గీరుతూ ఉన్నాయి. నేను నాలుగేళ్లు కష్టపడి పోగొట్టుకున్న భాషతోనే ఆమె గెలిచింది.

ఆ వేసవిలో యాసంగి పంట కోతలప్పుడు వడగళ్ల వాన పడింది. కేంద్రంలో వడ్లన్నీ తడిశాయి, కప్పడానికి టార్పాలిన్లు చాలలేదు. మర్నాడు జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. "ఇది వాతావరణ మార్పు తల్లీ, ప్రపంచమంతటా ఉన్నదే. దీనికి ప్రభుత్వం ఏం చేయగలదు?" అన్నాడు. నేను ఊరికి నేర్పాలనుకున్న మాటే, ఆయన చేతిలో తప్పించుకునే దారి అయింది. నేను తల దించుకుని చేతిలోని ఫైలు తిరగేశాను.

రాజక్క మొలకొచ్చిన వడ్లు దోసిట్లో పట్టుకుని ఆయన ముందు నిలబడింది. "వాన ఎప్పుడు పడుతదో దేవునికెరుక సారూ. కప్పెతందుకు పట్టలు ఎవలియ్యాలెనో గది మీకెరుక. నాలుగు దినాల ముందే వానొస్తదని మా మేడం ఫోన్ల చెప్పింది. మీకు చెప్పలేదా ఎవలన్న?"

ఆయన వెనక్కి తిరిగి కారెక్కాడు. మరునాడు పేపర్లో రాజక్క ఫొటో వచ్చింది. నా ప్రస్తావన 'స్థానిక అధికారిణి' అని ఒక్క ముక్క. ఆమె నా పేరు నిలబెట్టాలనే ఆ మాట అన్నదని నాకు తెలుసు. తెలిసీ కుళ్లుకున్నాను.

వారం తిరక్కుండానే భూపాలపల్లిలో సమావేశమని ఉత్తరం వచ్చింది. అకాల వర్షాల నష్టం గురించి మాట్లాడటానికి కొనుగోలు కేంద్రం నడిపే మహిళను వెంటబెట్టుకుని రమ్మన్నారు. ఆ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టి ఒక్కదాన్నే బస్సెక్కాను. తెరమీద చిత్రాలు చూపిస్తూ చక్కగా మాట్లాడానని అనుకున్నాను. చివర్న ఎవరో అడిగారు, "కొనుగోలు కేంద్రం వాళ్లెవరూ రాలేదా?" అని. "పనుల్లో ఉన్నారండి" అన్నాను. అడిగేవాళ్లు లేరు గనక టార్పాలిన్ల సంగతి వచ్చే సీజనుకు వాయిదా పడింది. పదిరోజులకే మళ్లీ వాన వచ్చింది. ఈసారి నానింది రాజక్క కుప్పే. ఊరివాళ్ల వడ్లన్నీ కప్పించాక ఆమె వాటికి పట్టలు మిగల్లేదు.

నేను వెళ్లేసరికి ఆమె మొలకొచ్చిన వడ్లను పారతో పక్కకు ఎత్తిపోస్తోంది. ఉత్తరం సంగతి చెప్పేశాను. పార ఆగింది.

"నేనొస్తే నీ మాట ఎవలు ఇనరనుకున్నవా బిడ్డా?"

"అవునక్కా."

"ఒక్కదానివే పోతివి గద. ఇన్నరా?"

"లేదు."

ఆమె వంగి గుప్పెడు మొలకలు తీసి పక్కన పారేసింది. "గీ మాట వానకు ముందు చెప్పాల్సుండె" అంది. తిట్టలేదు. తిడితే తేలికయ్యేది. పార మళ్లీ అందుకుని, "మల్ల మీటింగు పెట్టియ్యి. నువ్వు కాయితం సదువు, నేను అడుగుత" అంది.

అట్లాగే వెళ్లాం. లెక్కలు, హెచ్చరికలు నేను చదివాను. ప్రతి కాగితం తర్వాత ఆమె ఒక ప్రశ్న వేసింది. మరుసటి కోతలకు టార్పాలిన్లు వచ్చాయి, ఆరబెట్టుకోవడానికి సిమెంటు కల్లం కూడా వచ్చింది. షెడ్డు మాత్రం ఈనాటికీ రాలేదు. నన్ను క్షమించానని రాజక్క ఎప్పుడూ అనలేదు. ఆనాటినుంచి ఏ ఉత్తరం వచ్చినా సంఘానికి నేరుగా ఒక కాపీ పంపాలని మా కార్యాలయంలో రాయించి, వేలిముద్ర కాదు, సంతకం పెట్టి మరీ వెళ్లింది. అది నాకు పడిన శిక్ష అని ఇద్దరికీ తెలుసు.

నాకు బదిలీ అయి రెండేళ్లవుతోంది. ఆమె ఇంకా అక్కడే ఉంది, ఇంకా అడుగుతోంది. ఇప్పుడు సమావేశాల్లో ఎవరైనా వాతావరణం మన చేతుల్లో లేదంటే నేను లేచి నిలబడతాను, మా జనగామ మాటలోనే అడుగుతాను. కూర్చున్నాక, రాజక్క అయితే ఇంతకంటే బాగా అడిగేదని కడుపులో మండుతుంది. ఆ మంట చల్లారాలని ఇప్పుడు కోరుకోవడం లేదు. అది ఉన్నంతకాలం నేను నోరు మూసుకుని కూర్చోలేను.